అవ్వ తిప్పిన గుడ్లు

అటవీ శాఖలో కొత్తగా చేరిన పిల్లలు మా ఇంటికొస్తే మొదట అడిగేది పులి గురించే. నా దగ్గర పులి కథ లేదు నాయనా. ముప్ఫై మూడేళ్ల సర్వీసులో పులిని రెండుసార్లు చూశాను. రెండుసార్లూ నాకంటే ముందు అదే నన్ను చూసింది. నాకు దక్కింది తోక ఒక్కటే. నా దగ్గరున్నది మొసలి గుడ్ల కథ. దీన్ని ఎప్పుడు మొదలుపెట్టినా మధ్యలో నాకు నవ్వొచ్చి ఆగిపోతాను, కాస్త ఓపిక పట్టండి.

ఎనభైల మొదట్లో మాట. అప్పుడు నేను ఫారెస్టర్‌ని. ఇరవై తొమ్మిదేళ్లు, పెళ్లి కాలేదు, తల నిండా జుట్టు, నోటి నిండా ఇంగ్లీషు. గోదావరి ఒడ్డున సెక్షన్. ఇవతలి ఒడ్డు కరీంనగర్ జిల్లా, అవతలి ఒడ్డు ఆదిలాబాద్. బాపు పోయాక మా అవ్వ, అంటే మా అమ్మ, హుజూరాబాద్ దగ్గరి ఊళ్లో ఒక్కతే ఉండలేక నాతో క్వార్టర్‌కు వచ్చింది. వస్తూ వస్తూ ఒక ట్రంకు పెట్టె, ఒక గంపెడు కోళ్లు తెచ్చింది. గంపను బస్సు టాపు మీద పెట్టమని కండక్టర్ అంటే ఒప్పుకోలేదట. అవి భయపడి గుడ్లు మానేస్తాయని, దారి పొడవునా ఒళ్లో పెట్టుకునే వచ్చింది. మా ఊళ్లో ఎవరి కోడి పొదుగుకు కూర్చున్నా అవ్వను పిలిచేవాళ్లు. ఏ గుడ్డు పిల్ల అవుతుంది, ఏది మురుగుతుంది, చేతిలోకి తీసుకుని చెప్పేది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మన కథంతా దీని చుట్టే తిరుగుతుంది.

మా దగ్గర నది మీద ఒక వాచర్ ఉండేవాడు. ముసలాయన, పుట్టింది పెరిగింది చేపల వేటలో. నేను కాక అనేవాణ్ణి. ఆయన చిన్నప్పుడు ఆ మడుగుల్లో మొసళ్లు బండల మీద వరసగా పడుకునేవట. తర్వాత వలల్లో పడి కొన్ని, తోళ్ల కోసం కొన్ని, గుడ్లు తవ్వుకుని తినేవాళ్ల వల్ల మరికొన్ని పోయాయి. చివరికి మా ఇరవై మైళ్ల మేర ఒక్క ఆడ మొసలి మిగిలింది; మగది ఎప్పుడైనా వరదకు ఎగువ నుంచి వచ్చిపోవాల్సిందే. ఆరు ఎండాకాలాలుగా అది గుడ్లు పెట్టిన జాడ కూడా లేదని కాక చెప్పేవాడు. ఒక జంతువు మాయమవడం అంటే పెద్ద చప్పుడేదో ఉంటుందనుకుంటారు మీరు. ఏమీ ఉండదు. ఒక ముసలాయన వేళ్ల మీద లెక్కపెడుతూ ఒక వేలి దగ్గర ఆగిపోతాడు, అంతే.

అట్లాంటిది ఒక మార్చి నెల పొద్దున కాక పరుగెత్తుకుంటూ వచ్చాడు. పంచె మోకాళ్ల పైకి కట్టి, చెప్పులు చేతిలో పట్టుకుని ఉన్నాడు. "సారూ, పెట్టింది. నా కండ్ల ముంగట్నే పెట్టి పోయింది" అన్నాడు. ఇద్దరం ఒకరి చేతులొకరం పట్టుకుని ఆఫీసు ముందు గిరగిరా తిరిగాం. గవర్నమెంటు ఉద్యోగులం అన్న సంగతి కాసేపు గుర్తులేదు.

చిక్కేమిటంటే, అది గుడ్లు పెట్టిన చోటు పక్కనే ఇసుకలో పుచ్చతోట ఉంది. రోజూ కుండలతో నీళ్లు పోస్తారు. తడి తగిలితే గుడ్లు మురిగిపోతాయి. మా రేంజర్ గారికి కబురు పంపితే ఆయన జీపులో వచ్చి వాలాడు. కోస్తా నుంచి వచ్చినాయన, మంచివాడే, కానీ కోపం ముక్కు మీద ఉండేది. గుడ్లు పెట్టిన రోజే కదిలిస్తే ప్రమాదం తక్కువని హెడ్డాఫీసు కాగితంలో ఉందట. సైక్లోస్టైల్ చేసిన ఇంగ్లీషు కాగితం, సగం అక్షరాలు అలుక్కుపోయి ఉన్నాయి. అందులో ముఖ్యమైనది ఒక్కటే. కోడిగుడ్డు వేరు, మొసలి గుడ్డు వేరు. మొసలి గుడ్డు లోపల పిల్ల మొదటి రోజుల్లోనే పైనున్న పెంకుకు అతుక్కుని పెరుగుతుంది. తలకిందులు చేస్తే చచ్చిపోతుంది. అందుకని గుడ్డు ఏ వైపు పైకి ఉందో ఆ వైపు పెన్సిల్‌తో గీటు పెట్టి, గీటు పైకే ఉండేట్టు పాతిపెట్టాలి. తర్వాత ముట్టుకోకూడదు.

ముప్ఫై మూడు గుడ్లు. ఒక్కొక్కదానికీ గీటు పెట్టాకే బయటికి తీశాను. ఒకచోట చెడినా ఇంకోచోటైనా దక్కుతాయని రేంజర్ గారు రెండు గుంతలు తవ్వించాడు. పదహారు మా క్వార్టర్ వెనక, పదిహేడు ఒడ్డు మీద కాక గుడిసె పక్కన. కాక తన గుంత చుట్టూ తుమ్మ కంప తెచ్చి దడి కట్టాడు. నక్కలు, కుక్కలు, ఉడుములు రాకుండానట. అది దడి కాదు, కోట. మొదటి రోజే నా కొత్త ఖాకీ ప్యాంటు దానికి పట్టుకుని మోకాలి నుంచి మడమ దాకా చిరిగింది. మనిషి పోవడానికి కూడా దారి లేకపోతే ఎట్లా, ఇదేమన్నా ఖిల్లానా అని కాక మీద ఎగిరాను. ఆయన నవ్వి ఇంకో మోపు కంప వేశాడు.

గీటు సంగతి మా ఫారెస్ట్ గార్డుకు చెప్పాను, కాకకు చెప్పాను, పుచ్చతోట వాళ్లకు చెప్పాను. రెండు వీధుల అవతల టీ కొట్టాయనకు కూడా చెప్పాను, ఎందుకో తెలియదు, గొప్ప కోసం. ఇంట్లో అవ్వకు చెప్పలేదు. ఆఫీసు పని అవ్వకెందుకు అనుకున్నాను. నాయనా, నా సర్వీసులో చేసిన తప్పులన్నిటినీ ఒక సంచిలో వేస్తే అన్నిటికంటే బరువైంది ఇదే.

రోజూ పొద్దునా సాయంత్రం థర్మామీటర్ గుచ్చి వేడి రాసుకునేవాణ్ణి. కొన్నిసార్లు గుంత మీది ఇసుక కదిలినట్టు కనబడేది. కోళ్లు కెలికాయనుకుని వల తెచ్చి పరిచాను. మరునాడు వల కూడా కొంచెం జరిగి ఉండేది. ఇవేం కోళ్లో అని వాటినే తిట్టాను. అవ్వ వింటూ నవ్వుకునేది. ఆ నవ్వు చూసి, కొడుకు కష్టపడుతున్నాడని మురిసిపోతోంది అనుకున్నాను. ఒక రోజు అవ్వ మడమకు పసుపు గుడ్డ కట్టుకుని కుంటుతూ కనబడింది. పుల్లలేరబోతే ముల్లు గుచ్చుకుందంది. ఆ కుంటు నెల రోజులకు గానీ తగ్గలేదు.

నెల దాటింది. ఒక పొద్దున క్వార్టర్ వెనక గుంత దగ్గర చీమలు బారు కట్టాయి. దగ్గరికి పోతే వాసన. గార్డును పిలిచి ఇసుక తీశాం. పదహారు గుడ్లు వరసగా, ముద్దుగా, ఒక్కటి కూడా తప్పకుండా తలకిందులై ఉన్నాయి. ఒక్క గీటు కనబడలేదు. ఒకటి రెండు పగిలి ఉన్నాయి, మిగతావి చేతికి తేలిగ్గా తగిలాయి. గార్డు నా ముఖం చూశాడు, నేను గార్డు ముఖం చూశాను.

అప్పుడే అవ్వ కోళ్లకు నూకలు చల్లడానికి పెరట్లోకి వచ్చింది. నేను ఏడుపు ముఖంతో అడిగాను, ఇవి ఎవరు తిప్పారు అని. అవ్వ ముఖం వెలిగిపోయింది.

"నేనే బిడ్డా. పొద్దున గీటు పైకి, మాపటికి గీటు కిందికి. ఒక్క పూట తప్పలే."

మా ఊళ్లో పొదుగు గుడ్లకు బొగ్గుతో గీటు పెడతారు. కోడి అన్నిటినీ సరిగ్గా తిప్పుతుందో లేదో చూసుకోవడానికి. కోడి తిప్పకపోతే మనిషి తిప్పాలి, లేకపోతే పిల్ల ఒక పక్కకు అంటుకుని చచ్చిపోతుంది. గీటు పెట్టిన గుడ్లు చూసింది మా అవ్వ. మీద కూర్చునే తల్లి లేదు. కొడుకు ఆఫీసు పనిలో పడి తిప్పడం మరిచిపోయాడు అనుకుంది. నెల రోజులు, రెండు పూటలా, నేను ఒడ్డుకు పోగానే వల ఎత్తి, ఇసుక తీసి, పదహారింటినీ తిప్పి, మళ్లీ కప్పి పెట్టింది. నాకు చెప్పలేదు. నాకు పేరు రావాలి కదా.

కోడికీ మొసలికీ తేడా ఏమిటో చెప్పాను. చెబుతుంటే అవ్వ చేతిలోని నూకల చాట అట్లాగే కిందికి దిగిపోయింది.

రేంజర్ గారు వచ్చి చూసి అరగంట అరిచాడు. నేను అవ్వ పేరు చెప్పలేదు, నా పర్యవేక్షణ లోపం అని రాసిచ్చాను. సంజాయిషీ మెమో టైపు చేయిస్తానన్నాడు. ఆ పదిహేడు కూడా పోతే కాగజ్‌నగర్ వైపు వెదురు నరికించే కూపులకు పంపిస్తానన్నాడు. నన్ను పంపితే పంపనీ, వెదురు కూడా అడవే. కానీ కాక వేలి మీద లెక్క ఆ పదిహేడు దగ్గరే ఆగి ఉంది. ఆడ మొసలి ముసలిదైపోయింది. వచ్చే ఏడు పెడుతుందని చెప్పేవాడెవడూ లేడు.

ఇంక నేనూ కాకా రాత్రనక పగలనక ఆ కంప కోట ముందే. రేంజర్ గారు కాగితం చూసి రోజులు లెక్కగట్టి, గుంత తెరిచే తేదీ క్యాలెండర్ మీద ఎర్ర సిరాతో చుట్టాడు. ఆ రోజు పైనుంచి పెద్ద ఆఫీసరు, ఫొటోగ్రాఫరు వస్తారు. అప్పటిదాకా ఎవరూ గుంత మీద చెయ్యి వేయకూడదని ఆర్డరు. ఇక ఏ గుడ్డూ ముట్టనని అవ్వ పొదుగుకు పెట్టిన కోళ్లను కూడా లేపేసింది. నాకు అన్నం మూట తెచ్చి, దడికి పది గజాల దూరంలో పెట్టి, ఇటు చూడకుండా పోయేది.

ఎర్ర సిరా తేదీకి ఇంకా తొమ్మిది రోజులున్న నాటి మాట. అంతకు ముందు రోజు గాలివాన వచ్చి వెలిసింది. తర్వాత ఎండ ఫెళ్లున కాసి గుంత మీది మట్టీ ఇసుకా అట్టకట్టి రొట్టెలా గట్టిపడ్డాయి. మధ్యాహ్నం అవ్వ మూట పెట్టి వెనక్కి తిరిగి, నాలుగడుగులు వేసి ఆగింది. మెడ ఒక పక్కకు వంచింది. కొంగు చెవి మీది నుంచి తీసేసింది. తర్వాత ఏకంగా దడి దగ్గరకు వచ్చేసింది.

"లోపల ఒర్రుతున్నయి బిడ్డా" అంది.

నాకేమీ వినబడలేదు. గాలి తప్ప ఏమీ లేదు. కాకకూ వినబడలేదు. ఇంకా తొమ్మిది రోజులుందన్నాను. పెంకులో పిల్ల పిలిస్తే క్యాలెండర్ చూసుకుని పిలవదని అవ్వ అంది. నాకు చిర్రెత్తింది. ఇది కోళ్ల గంప కాదని, ఒకసారి నువ్వు చేసింది చాలదా అని అనేశాను. ఆ మాట నోట్లోంచి బయటపడుతుండగానే నాకు నాలుక కొరుక్కోవాలనిపించింది. ఇప్పుడు తలుచుకున్నా సిగ్గేస్తుంది.

అవ్వ కదల్లేదు. "గప్పుడు నాకు తెల్వక చేసిన. గిప్పుడు వినవడి చెప్తున్న. నువ్వు తిట్టుకో, కానీ తవ్వు" అంది.

నేను కాక వైపు చూశాను. కాక గడ్డం గోక్కుని, చిన్నప్పుడు చూసింది చెప్పాడు. మొసలి పిల్లలు లోపల పిలుస్తాయట, తల్లి వచ్చి కాళ్లతో ఇసుక తోడుతుందట, తోడకపోతే అవి లోపలే ఊపిరాడక పోతాయట. ఈ గుంతకు తల్లి రాదు. పైన అట్ట కట్టి ఉంది. తవ్వాక పిల్లలు లేకపోతే ఆర్డరు మీరినట్టు, ఉన్న గుడ్లను నేనే చంపినట్టు. తవ్వకపోతే, అవ్వ విన్నది నిజమైతే, ఆ మడుగులో మొసలి అన్న మాట నా చేతుల మీదుగానే ఆఖరు.

అవ్వకు ఓపిక పోయింది. కాపలా మొదలయ్యాక కాక కంపలో తీసుకున్న సందులోంచి దూరి, గుంత పక్కన బోర్లా పడుకుని, చెవి నేలకు ఆనించి, పొదుగు కోడి పిల్లల్ని పిలిచినట్టు గొంతులో "క్లుక్, క్లుక్" అంది.

నేల లోపలి నుంచి జవాబొచ్చింది.

"ఉంక్" అని ఒకటి. తర్వాత ఇంకోటి. తర్వాత గుంతంతా ఒక్కసారి "ఉంక్, ఉంక్, ఉంక్". ఈసారి నాకూ వినబడింది, కాకకూ వినబడింది. నది దాటి ఆదిలాబాద్ జిల్లాకు కూడా వినబడి ఉంటుంది. కాక రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని కూలబడ్డాడు. నేను ఎర్ర సిరానూ ఆర్డరునూ గోదాట్లో కలిపి చేతులతో తవ్వడం మొదలుపెట్టాను. అట్ట ఎంత గట్టిగా ఉందంటే గోళ్లు విరిగాయి. కాక గడ్డపార తెస్తానంటే అవ్వ కసిరింది. అన్నం గరిట తెచ్చి అంచుల వెంట మెల్లగా ఎత్తుతూ పోయింది.

మొదటి గుడ్డు పెంకు చీలి, అందులోంచి ఒక ముక్కు. దాని మీద రెండు కళ్లు. నాయనా, ఆ కళ్లు నన్ను రేంజర్ గారికంటే కోపంగా చూశాయి. మూరెడు లేదు, పుట్టి అర నిమిషం కాలేదు, నా బొటనవేలు పట్టుకుని వదల్లేదు. నేను అరుస్తుంటే కాక నవ్వు, కాక నవ్వుతుంటే అవ్వ నవ్వు. అవ్వ ఒకదాన్ని ఎత్తితే అది కొంగు కరిచి వేలాడింది. "నా బంగారుకొండ, నీకు పండ్లు గూడ వచ్చినయా" అని దాన్నే ముద్దు చేసింది. ఒక పిల్ల దడి దాకా ఉరికింది. దాని వెనక కాక మోకాళ్ల మీద పాకుతుంటే పంచె ముళ్లకు పట్టుకుంది. నవ్వలేక పొట్ట పట్టుకుని ఇసుకలో దొర్లాం ముగ్గురం. పదిహేడులో పదిహేను బయటపడ్డాయి. పెట్టడానికి ఏమీ లేక, మా ఇంట్లో నీళ్లు కాగబెట్టుకునే గంగాళంలో అడుగున నీళ్లు పోసి వేశాం. ఆ రోజు నుంచి నాకు చన్నీళ్ల స్నానమే.

మూడో రోజు రేంజర్ గారు జీపు దిగాడు. గంగాళంలోకి వంగి, పిల్లల్ని ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. "ముహూర్తం నేను పెడితే, పెళ్లి మీరు చేసేశారేమిటయ్యా" అన్నాడు. అంత ముందుగా ఎట్లా తెలిసిందని అడిగాడు. ఈసారి అబద్ధమాడలేదు. మా అవ్వ విన్నదని చెప్పాను. ఆ ఊపులో మొదటి గుంత సంగతి కూడా చెప్పేశాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. తిప్పినవన్నీ పోయాయి, తిప్పనివి దాదాపు అన్నీ దక్కాయి, హెడ్డాఫీసు కాగితంలో రాసింది ఎంత నిజమో మీ ఇంట్లోనే తేల్చేశారు కదా అన్నాడు. నా సంజాయిషీ మెమో టైపై ఆయన జేబులోనే ఉంది. దాన్ని తీసి, వెనక్కి తిప్పి, పిల్లల పొడవులు దాని మీద రాసుకున్నాడు. ఆ కాగితం తర్వాత ఏ ఫైల్లో చేరిందో నాకు తెలియదు.

కొన్నాళ్లకు ఒక పరిశోధకుడు వచ్చి ఇంకో వింత చెప్పాడు. మొసలి గుడ్లలో ఆడా మగా తేలేది గుంత వేడిని బట్టేనట. కాస్త వేడి అటూ ఇటూ అయితే అన్నీ ఒకే రకం పుడతాయట. వేడి ఎక్కువవడం వల్లే గుడ్లు తొందరగా పిల్లలయ్యాయని, అందుకే మా ఎర్ర సిరా తప్పిందని కూడా చెప్పాడు. ఇప్పుడు మీ పుస్తకాల్లో ఎండలు పెరిగితే ఈ జీవాల గతి ఏమిటని రాస్తున్నారే, ఆ మాట నేను మొదట విన్నది మా వంటింటి గడప మీద కూర్చునే. అవ్వ అంతా విని, ఈ ముక్క కూడా నాకు ముందే ఎందుకు చెప్పలేదని నన్నే తిట్టింది. అప్పటి నుంచి మా క్వార్టర్‌కు వచ్చిన ప్రతి ఆఫీసు కాగితాన్నీ అవ్వకు తెలుగులో చదివి వినిపించాను, బదిలీ ఆర్డర్లతో సహా.

మూడేళ్లు తొట్లలో పెంచి, మనిషంత పొడుగు కాకముందే వాటిని మడుగులో వదిలాం. పదకొండు మిగిలాయి. కాక ఒక్కొక్కటి నీళ్లలోకి జారుతుంటే వేళ్లు మడిచాడు, చేతివేళ్లు చాలక కాలి వేలు ఒకటి పట్టుకున్నాడు. నేనూ అవ్వా ఒడ్డున ఇసుకలో కూర్చున్నాం. ఆఖరిది మునిగిపోయాక అవ్వ మెల్లగా అంది.

"నేను గా గుంతకాడికి గూడ పోయిన బిడ్డా."

ఏ గుంత అన్నాను.

"కాక గుంత. నువ్వు పాతిపెట్టిన మూడో దినమే. వాటిని గూడ ఎవరో ఒగరు తిప్పాలె గదా అని. కంప దాటవోతే మడిమెల ముల్లిరిగింది. తెల్లారి పోదామనుకున్న, కాలు వాచింది. కాలు తగ్గి పోదామనుకునే సరికి నువ్వు ఇంటెనుక గుంత తవ్వినవు."

నా ప్యాంటు చింపిన కంప. ఖిల్లానా అని నేను ఎగిరిన కంప. లేచి అప్పటికప్పుడు పోయి కాకను కౌగిలించుకుంటే ఆయన బెదిరిపోయి, ఏమైంది సారూ అని అడిగాడు. ఏమీ లేదు, ఇంకో రెండు మోపులు వెయ్యి అన్నాను. ఎందుకో ఆయనకు అర్థం కాలేదు, గుంత ఖాళీగా ఉంది కదా.

ఆ మడుగులో ఇప్పటికీ మొసళ్లున్నాయి, పోయి చూడండి. మా శాఖ రిపోర్టులో అది సిబ్బంది కృషి వల్ల అని రాసి ఉంటుంది. రాసింది నేనే. అవ్వ మడమ మీద ముల్లు దిగిన మచ్చ చివరిదాకా పోలేదు. పండగకో పబ్బానికో కాళ్లు మొక్కేటప్పుడు నా చెయ్యి ముందు ఆ మచ్చ మీదికే పోయేది. అవ్వ నవ్వి, కాలు కొంచెం పక్కకు తిప్పి, అది అందేట్టు పెట్టేది.